రెండుసార్లు రెడీ

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ కిటికీ రెక్క కాస్త వేసెయ్యండి, లేకపోతే సగం మాటలు గాలికే పోతాయి. ఈ కథలో దెయ్యాలు లేవు, దొంగలు లేరు. చేతులు లేని కోటు ఒకటుంది. అంతే.

అది దర్జీల ఇల్లు. వీధివైపు కొట్టు, వెనక కాపురం, మధ్యలో ఓ తెర. కోట్లు కుట్టడానికి మావగారు పెట్టింది పేరు. అత్తగారు కాజాలు తీస్తే ఆ గుండీ ప్రాణం పోయినా జారదు. కొడుకు ఇస్త్రీ బల్ల దగ్గర ఉంటాడు. ఆ ఇంటికి ఈమధ్యే ఓ కోడలు వచ్చింది. కథంతా ఆ పిల్లదే.

ఆ ఇంట్లో అందరి నోటా ఆడే మాట ఒకటుంది: రెడీ. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటని ఏ పనికి పెట్టుకున్నారోగానీ, ఆ ఇంట్లో దానికి మనిషికో అర్థం. అత్తగారు "వంట రెడీ, రండర్రా" అని కేకేస్తే, పొయ్యి వెలిగిందని అర్థం. వెళ్ళినవాళ్ళకి తలో కత్తిపీట ఇచ్చి కూర్చోబెడుతుంది. కొడుకు "నేను రెడీ" అన్నాడంటే, మంచం కింద తలపెట్టి రెండో మేజోడు వెతుక్కుంటున్నాడని అర్థం. ఇక మావగారు ఎవర్నైనా తిట్టాలంటే ఎదురు వరసలోని, కుట్టిన బట్టలమ్మే దుకాణం వైపు చూసి, "రెడీమేడ్ మొహం! పుట్టడమే రెడీమేడ్‌గా పుట్టాడు, కొలతా లేదు, పాడూ లేదు" అనేవాడు. అంతకు మించిన తిట్టు ఆయన దగ్గర లేదు.

బట్టల విషయంలో ఆయన రెడీ మరీ చిత్రం. గుడ్డ బల్లమీద పరిచి సుద్దతో గీత గీశాడంటే, ఆయన లెక్కలో అది రెడీ అయిపోయినట్టే. మనసులో కుట్టేశాడు కదా, ఇక చేతులు చెయ్యాల్సింది ఎంతని! ఒకసారి "రెడీ" అన్నాడంటే సగమైనా అయిందని నమ్మొచ్చు. "రెడీ, రెడీ" అని రెండుసార్లన్నాడంటే మాత్రం ఇంకా చాలా ఉందన్నమాట. పాత ఖాతాదార్లందరికీ ఇది తెలుసు. వాళ్ళు నవ్వుకుని, "సరే, వచ్చేవారం వస్తాం" అని వెళ్ళిపోయేవారు. ఎవరికీ కోపం లేదు, ఎవరికీ నష్టం లేదు.

కోడలికి మాత్రం ఇదేదీ తెలియదు. ఆ పిల్ల తండ్రి లాంచీ నడిపేవాడు. ఆయన "రెడీ" అన్నాడంటే తాడు విప్పేసినట్టే. అప్పటికింకా లాంచీ ఎక్కే పలక మీద కాలు పెట్టి కబుర్లాడేవాళ్ళు నీళ్ళలో కాలు పెట్టాల్సిందే. పెళ్ళిచూపుల్లో "నువ్వు రెడీయేనా అమ్మా?" అని అత్తగారు అడిగితే, ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, "రెడీ" అంది. ఆ రోజే పెట్టె కూడా సర్దేసుకుంది. ముహూర్తం ఇంకా ఎక్కడో ఉందని చెప్పి, ఆ పెట్టె విప్పించడానికి వాళ్ళమ్మ నానా అవస్థ పడింది.

ఒకరోజు పొద్దున్నే ఫోను మోగింది. కోడలు తీసింది. అవతల బ్యాండు మాస్టారు. ఊరికి కొత్త. ఊరి వాద్యబృందానికి ఆయన్నే పెద్దని చేశారు. సాయంత్రం హాల్లో మొదటి కచేరీ, దానికని నల్లకోటు కుట్టమని గుడ్డ ఇచ్చాడు.

"నా కోటు రెడీయేనా అమ్మా?"

ఆ పిల్ల తెర పక్కకి తోసి అడిగింది. "మావయ్యా, బ్యాండు మాస్టారి కోటు రెడీయేనా?"

ఆయన నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో పంట్లాం చూస్తున్నాడు. తలెత్తకుండానే అన్నాడు. "రెడీ, రెడీ!"

"రెడీ అండీ, మీరు వచ్చెయ్యండి" అని ఈ పిల్ల ఫోను పెట్టేసింది.

బూట్లు మెరిపించుకుని, టై కట్టుకుని, జేబులో బృందాన్ని నడిపించే సన్నకర్ర పెట్టుకుని మాస్టారు మధ్యాహ్నానికల్లా గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన్ని చూడగానే మావగారి పైప్రాణాలు పైనే పోయాయి. కోటు కొక్కేనికి వేలాడుతోంది. ఒళ్ళు ఉంది, కాలరు ఉంది. చేతులు మాత్రం బల్ల మీద విడిగా పడున్నాయి.

"కూర్చోండి మాస్టారూ! ఒక్క గుండీ, అంతే. ఏమేవ్, మాస్టారికి టీ!"

"టీ రెడీ!" అని తెరవెనక నుంచి అత్తగారు. అక్కడ ఇంకా గిన్నె కడిగిన చప్పుడే వినిపిస్తోంది.

"ఇస్త్రీపెట్టె కూడా రెడీ నాన్నా!" అన్నాడు కొడుకు. దాని వైరు కాళ్ళ దగ్గర చుట్ట చుట్టుకుని పడుంది.

కోడలు అందరి మొహాలూ చూసింది. తర్వాత కొక్కెం వైపు చూసింది. పొద్దున తన నోటితో అన్న మాట ఎంత పని చేసిందో అప్పుడర్థమయింది.

"రెడీ కాలేదండీ" అంది.

ఆ కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ అక్కడ ఆ మాట ఎవరూ అని ఎరగరు. మావగారి కాలు కింద మిషను దానంతటదే ఆగిపోయింది.

"పొద్దున రెడీ అన్నారు కదమ్మా?" అన్నాడు మాస్టారు.

"నేనే అన్నానండీ. చూడకుండా అన్నాను. కోటుకి ఇంకా చేతులు అతకలేదు."

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. "పాత కోటు ఉంది కదా అనుకోవడానికి కూడా లేదమ్మా. డ్రమ్ము వాయించే కుర్రాడికి కోటు లేదంటే ఇచ్చేశాను. వాడు ఈపాటికి అది తొడుక్కుని ఫోటో కూడా దిగుంటాడు. మొదటిరోజే చొక్కాతో నిలబడితే, ఇక నా మాట ఎవడు వింటాడు?"

మావగారు కోడల్ని తెర దగ్గరికి లాగి గుసగుసగా, "ఎంత పని చేశావమ్మా! ఏదో మాటల్లో పెట్టి కుట్టేసేవాణ్ణి కదా. పరువు తీసేశావు" అన్నాడు.

"పరువు సంగతి తర్వాత చూద్దాం మావయ్యా. ముందు చేతులు అతకండి."

తెర వెనక అత్తగారు ఫక్కున నవ్వింది. "ఈ ముక్క అనాలని పెళ్ళైనప్పట్నుంచీ నా నాలుక చివరే ఉంది. మొత్తానికి నా కోడలు అనేసింది!"

ఇక చూడాలి సందడి! మావగారు పంట్లాం అవతల పారేసి, కోటు చేతులు పొడుగు కుట్లతో అంటించి మాస్టారికి తొడిగాడు. మాస్టారు అద్దం ముందు నిటారుగా నిలబడ్డాడు. రాజాలా ఉన్నాడు.

"రెడీ!" అన్నాడు మావగారు. ఒక్కసారే అన్నాడు పాపం.

"మాస్టారూ, హాల్లో మీరు చేతులెలా పెడతారు?" అని అడిగింది కోడలు.

ఆయన జేబులోంచి కర్ర తీసి రెండు చేతులూ పైకెత్తాడు. కోటు మొత్తం గొడుగు విప్పినట్టు లేచి, కింద చొక్కా, బెల్టు అన్నీ బయటపడ్డాయి. కొడుకు నవ్వాపుకోలేక ఇస్త్రీబల్ల కిందికి వంగాడు.

మావగారు నీళ్ళు నమిలాడు. "నేను కొలత తీసినప్పుడు ఈయన చేతులు దించుకునే ఉన్నాడమ్మా."

"ఈయన పనంతా చేతులెత్తే కదా మావయ్యా."

ఆ మాటతో ఆయనలో పనివాడు లేచి కూర్చున్నాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు. మిగిలిన గుడ్డ ముక్కలు మూటగట్టి ఖాతాదారుకే ఇచ్చేయడం ఆయనకి అలవాటు. ఆ మూట విప్పి, అందులోంచి పలకల్లాంటి చిన్న ముక్కలు కత్తిరించాడు. చంక కింద కుట్టు విప్పి, ఒక్కో వైపూ ఒక్కో ముక్క వేశాడు. చెయ్యి లేస్తే ఆ ముక్క సాగాలి, చెయ్యి దిగితే లోపల దాక్కోవాలి. చెప్పడం తేలికేగానీ చెయ్యడం నరకం.

"రెడీయా అమ్మాయ్?"

"కాలేదు మావయ్యా, ఎడమచెయ్యి పట్టేస్తోంది."

"ఇప్పుడో?"

"వెనక ముడత పడింది."

"ఇది ఇంటికి కోడలా, కోర్టులో జడ్జీయా?" అన్నాడు మావగారు. కానీ ఆ గొంతులో విసుగు లేదు.

అత్తగారు కిటికీ వెలుతురులో కూర్చుని కాజాలు తీసింది. ఇస్త్రీపెట్టె నిజంగానే వేడెక్కింది. టీ కూడా వచ్చింది, అందరూ చల్లారాక తాగారు. చివరికి మాస్టారు కోటు తొడుక్కుని, నోటితో బూరల పాట పాడుకుంటూ, కర్ర ఊపుతూ కచేరీని మొదటి నుంచి చివరిదాకా నడిపించేశాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. కోడలు మాత్రం పాట వినలేదు. చూపంతా కోటు అంచుమీదే పెట్టుకుంది. అంచు కదల్లేదు.

"రెడీ" అంది.

మాస్టారు అద్దం కూడా చూసుకోకుండా పరుగెత్తాడు.

సాయంత్రం కొట్టు మూసి అందరూ హాలుకి వెళ్ళారు. తెర లేచింది. మాస్టారు జనానికి వీపు చూపిస్తూ నిలబడి చేతులెత్తాడు. బూరలవాళ్ళంతా ఊపిరి పీల్చుకుని ఆయన్నే చూశారు. ఇక్కడ దర్జీల ఇంటివాళ్ళు నలుగురూ ఊపిరి బిగబట్టి కోటునే చూశారు. కోటు తొణకలేదు, బెణకలేదు. వాద్యాలన్నీ ఒక్కసారిగా మోగాయి. మావగారు పక్కకి వంగి కొడుకు చెవిలో, "ఆ చంక చూశావురా? వెన్న!" అన్నాడు. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి ఉష్ మన్నారు. కోడలు అప్పటికిగానీ కుర్చీకి వీపు ఆనించలేదు.

తర్వాత్తర్వాత ఆ కొట్టుకి ఎవరు ఫోను చేసి రెడీయా అని అడిగినా, మావగారు నోట్లో గుండుసూదులతోనే, "అమ్మాయిని అడగండి" అనేవాడు. ఆ పిల్ల వెళ్ళి బట్ట చేత్తో పట్టుకు చూసిగానీ జవాబు చెప్పేది కాదు. వంట విషయంలో మాత్రం అత్తగారు మారలేదు లెండి. పిలిచి కత్తిపీట ఇవ్వడం ఆవిడకి సరదా. పక్కన కూర్చుని తరగడం కోడలికీ సరదాయే.

ఇదమ్మా కథ. గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకీ చెప్పండి. కోటు రంగు మర్చిపోయినా పరవాలేదు, మాస్టారు ఏ పాట వాయించాడంటే తోచింది చెప్పండి. కానీ ఆ పిల్ల అందరి ముందూ "రెడీ కాలేదండీ" అన్న చోట మాత్రం తొందరపడి దాటెయ్యకండి. అక్కడ కాసేపు ఆగి, వినేవాళ్ళ మొహాలు చూసి, అప్పుడు మిగతాది చెప్పండి.