నేను చూపించిన చెయ్యి

నేను ఒక మూడు కాళ్ళ కెమెరా స్టాండుని. స్టాండుకి కూడా కథేమిటని మూతి విరవకండి. బొమ్మ బాగా వస్తే కెమెరాకి పేరు, కాస్త వణికితే తప్పు నాది. బరువు మోసేవాళ్ళ బతుకు ఎక్కడైనా ఇంతేనని అందరికంటే ముందు తెలుసుకున్నదాన్ని.

ఏదో ఫ్యాక్టరీలో అల్యూమినియం గొట్టాలు కోసి, మరలు బిగించి నన్ను తయారుచేశారు. మొదట నన్ను కొన్నది కాకినాడలో పెళ్ళి వీడియోలు తీసే ఒకాయన. ఆయన దగ్గర ఉన్నన్నాళ్ళూ పప్పన్నాల వాసన, బంధువుల అలకలు, నా కాళ్ళ మీద పడే పిల్లలు. ఆయన మేనకోడలు హైమ జర్నలిజం చదివి సైప్రస్‌లో ఉద్యోగం తెచ్చుకుంటే, "కొత్తది కొనకే, ఇది రాయిలా నిలబడుతుంది" అని నన్ను ఆ పిల్ల పెట్టెలో పెట్టాడు. అలా సముద్రాలు దాటి నికోసియాలో, మానవ హక్కుల వీడియోలు తీసే చిన్న ఆఫీసుకి వచ్చి పడ్డాను.

దేశం మారింది గానీ నా విసుగు మారలేదు. పెళ్ళిలో ముహూర్తం దాటిపోతుందని తొందర ఉండేది, ఇక్కడ అదీ లేదు. పొద్దున్నే కాఫీలు పట్టుకుని కూర్చుంటారు. ఎవరి చెరలోంచో బయటపడి వచ్చిన మనిషిని ఏ మాటతో పిలిస్తే ఆవిడ మనసు నొచ్చుకోదో అని గంటలు గంటలు చర్చిస్తారు. ఆ మనిషేమో బయట బల్ల మీద దాహంతో కూర్చుని ఉంటుంది. మంచినీళ్ళు కావాలా అని అడగాలని ఒక్కరికీ తోచదు. ఈ ఆఫీసుకి పెద్ద స్టెలియోస్. మంచివాడే, కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. మూడు కాళ్ళున్న నేనే చెప్పిన మాట వింటాను, ఆయన వినడు.

ఈ పనిలో ఒక ఆచారం ఉంది. బాధ చెప్పుకునే మనిషి మొహం చూపకూడదు కాబట్టి చేతులు చూపిస్తారు. నలుపుకునే వేళ్ళు, ఒళ్ళో పెట్టుకున్న అరచేతులు. "చేతులే కథ చెబుతాయి" అంటాడు స్టెలియోస్. ఇక్కడికొచ్చాక నేను తలెత్తి నిలబడ్డ రోజులు తక్కువ.

అలా ఒకరోజు దీనమ్మ వచ్చింది. కోనసీమ మనిషి. వరప్రసాద్ అనే తెలుగు ఏజెంటు ఇంటిపని అని చెప్పి తీసుకొచ్చి, పాస్‌పోర్టు లాక్కుని, బయట తాళం వేసే ఇంట్లో దింపాడు. ఆమె తప్పించుకుని చర్చి వాళ్ళ గదిలో దాక్కుంది. ఆమె ఊరు వదిలి పారిపోయిందని వాడి నమ్మకం. ఇక్కడే ఉందని తెలిస్తే కోర్టులో విచారణ రాకముందే ఈడ్చుకెళ్ళి మళ్ళీ అదే ఇంట్లో పడేస్తాడు.

"మొహం కనపడదు పిన్నీ. పూచీ నాది," అంది హైమ. దీనమ్మ ఆ మాట నమ్మి అంతా చెప్పింది. నేను తల వంచి ఆమె చేతుల్ని చూపించాను.

ఆ ముంజేతి మీద పచ్చబొట్టు ఉంది. తీర్థంలో పొడిపించుకున్న మొగుడి పేరు, సువర్ణరాజు, పక్కన రెండు చుక్కలు. స్టెలియోస్ దాన్ని ఏదో తీగల ముగ్గు అనుకుని మురిసిపోయి మరీ దగ్గరగా తీయించాడు. పోనీ, ఆయనకి తెలుగు రాదు. మరి హైమకేం వచ్చింది? ఆ పిల్ల పచ్చబొట్ల చేతుల మధ్యే పెరిగింది. అమ్మమ్మ చేతి మీదా ఉంది, చేపలమ్మే ఆవిడ చేతి మీదా ఉంది. ఎప్పుడూ ఉండేదాన్ని ఎవరు చదువుతారు? ఒకరికి చదవడం రాక, ఒకరికి చదవాలని తోచక, ఇద్దరూ కలిసి ఆమె కొంప ముంచారు.

వీడియో బయటికి వెళ్ళిన పొద్దున హైమ టీ తాగుతూ ఫోను చూసి కప్పు కింద పెట్టేసింది.

"ఇప్పుడే తీసేయండి. ఆ చేతి మీద ఆవిడ భర్త పేరుంది."

"ఆ బొమ్మే కదా వీడియోకి ప్రాణం," అన్నాడు స్టెలియోస్. "ఇక్కడ మీ భాష చదివేవాళ్ళు ఎంతమంది ఉంటారు?"

"ఆవిడ ఎవరికి భయపడి దాక్కుందో వాడు చదువుతాడు."

దాని మీద కూడా మీటింగు పెట్టారండీ! నాకు కాళ్ళున్నాయి గానీ తన్నే యోగం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మధ్యాహ్నానికి వీడియో తీసేశారు. అప్పటికే వరప్రసాద్ కోనసీమకి ఫోను చేశాడు.

హైమ, నన్ను భుజాన వేసుకుని స్టెలియోస్, చర్చి గదికి వెళ్ళేసరికి దీనమ్మ మంచం మీద కూర్చుని ఉంది.

"ఆడు మా ఆయనకి ఫోను చేసేడంట. నీ పెళ్ళాం చెయ్యి చూసేను, ఇక్కడే ఉందిగా అన్నాడంట." ఆమె గొంతులో కోపం లేదు. "మొహం అగుపడదన్నావు కదమ్మాయ్. నమ్మేను."

హైమ ఏడ్చింది. నాకు సిగ్గేసింది. దీనమ్మని వెంటనే ఇంకో ఊరు పంపాలన్నారు చర్చి వాళ్ళు. ఉన్న రెండు చీరలూ ఆమె సంచిలో పెట్టుకుంటోంది. అప్పుడు స్టెలియోస్ గుమ్మం దగ్గర నన్ను దించి, కాళ్ళు బయటికి లాగాడు.

"మొహం వద్దు," అన్నాడు మెల్లగా. "సర్దుతున్న చేతులు చాలు."

"ఏటంటన్నాడమ్మాయ్?" అడిగింది దీనమ్మ.

"ఏం లేదు పిన్నీ. సంచి ఇలా ఇవ్వు." హైమ నా కాళ్ళు ఒక్కొక్కటే మడిచి, మరలు బిగించి, నన్ను స్టెలియోస్ చేతిలో పెట్టింది. సంచి తాను ఎత్తుకుంది. ఆ ఉద్యోగంలోకి మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నేను సామాన్ల గదిలో, తెగిన వైర్ల పక్కన ఉన్నాను. హైమ అంత గట్టిగా బిగించిన మరలు ఎవరికీ ఊడి రాలేదు. పోనీలెండి, నాకూ తలెత్తాలని లేదు. విచారణలో దీనమ్మ జడ్జి ముందు మొహం దాచుకోకుండా మాట్లాడిందట. ఆఫీసులో వాళ్ళు గొప్పగా చెప్పుకుంటుంటే విన్నాను. ఇంకో మాట కూడా విన్నాను. ఎండలు మండిపోతున్నా ఆమె చీర మీద తొడిగిన నిండుచేతుల చొక్కా విప్పడం లేదట. గదిలో ఒక్కతే ఉన్నప్పుడు కూడా.