ఒకటే పలక

పన్నెండులోపు ఆర్డర్ పెడితేనే శనివారానికి నిర్మల్ చేరుతుందని ఫోన్ చెబుతోంది. ఇప్పుడు పదకొండు ఇరవై. "ఒక్కటే మిగిలింది" అన్న ఎర్రక్షరాలు బ్లెస్సీకి కంట్లో నలుసులా ఉన్నాయి.

కొనాలనుకున్నది యుకులేలే. గిటార్‌కు చెల్లెలి లాంటిది, నాలుగే తీగలు. సరదాకు కాదు. బ్లెస్సీ తండ్రి ఏలియా ముప్పై ఏళ్లుగా కొయ్యబొమ్మలు చెక్కే మనిషి. ఆదివారం చర్చిలో మొదటి పాట ఎత్తుకునేదీ ఆయనే. రెండేళ్లుగా చెవులు మొరాయిస్తున్నాయి. మూడు వారాలుగా పాట మరీ పైస్థాయిలో ఎత్తుకుంటున్నాడు, వెనక జనం అందుకోలేక నడుమనే ఆగిపోతున్నారు. "గీ ఆదివారం ఒక్కసారి సూద్దాం అన్నా, సక్కగ రాకుంటె ఎనుక జర ఆరాం తీస్కో" అన్నాడు పాస్టర్ స్టీఫెన్. మంచిగానే అన్నాడు. ఏలియా ఆ పూట అన్నం ముట్టలేదు.

దారి అనుకోకుండా దొరికింది. బ్లెస్సీ పాఠాలు చెప్పే బడిలో వార్షికోత్సవానికి కరీంనగర్ నుంచి సంగీతం చెప్పే కరుణాకర్ సారు తన యుకులేలే పట్టుకొచ్చాడు. చూడటానికి వెళ్లిన ఏలియా దాని అంచుకు దవడ ఆనించాడు, బ్లెస్సీ తీగ మీటింది. "ఇనవడ్తుంది" అన్నాడు ఏలియా, కళ్లు పెద్దవి చేసి. ఎముకలోంచి ఆ శ్రుతి అందితే పాట సరైన స్థాయిలో ఎత్తుకోవచ్చు. బడిలో ఉన్న ప్లైవుడ్ యుకులేలేకు ఆనిస్తే మాత్రం తల అడ్డంగా ఊపాడు. సాలిడ్ వుడ్ తీసుకోమని, అంటే పొరలు అతికించింది కాకుండా అచ్చమైన కర్రదని, సారు చెప్పి పోయాడు.

పేజీలో "సాలిడ్" అనే ఉంది. అయినా ఆన్‌లైన్ రాతలు నీటి మీద రాతలని, కింద ఉన్న హైదరాబాద్ దుకాణం నంబరుకు బ్లెస్సీ ఫోన్ చేసింది.

"అన్నా, గిది సాలిడేనా?"

"సాలిడా? మస్తు సాలిడ్ ఉంటది మేడం. కండ్లు మూస్కొని తీస్కోండి."

ఇంకేం కావాలి. వేలు బటన్ మీదికి పోయింది.

"ఆగు" అన్నాడు ఏలియా. ఫోన్ తీసుకుని ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేశాడు. పైపలక మధ్యన ఉన్న గుండ్రటి బెజ్జం అంచు దగ్గర ఆపాడు. "గీడ సూడు. పొర, పొర, పొర. మూడున్నయి. అతుకుబెట్టిందిది."

బ్లెస్సీకి ఒళ్లు మండింది. ఇంట్లో ఆయనతో మాట్లాడాలంటే చెక్కముక్క మీద పెన్సిల్‌తో రాయాల్సిందే. బొమ్మలకు వాడే పొనికి కర్ర ముక్కలకు ఆ ఇంట కొదవ లేదు. "సాలిడ్ అని వాళ్లే చెప్పిండ్రు" అని బరబరా గీకి ఆయన ముందు పడేసింది.

ఏలియా చదివాడు. నవ్వలేదు. "మొన్న పక్కింటి అంబదాస్ కొడుకు పెండ్లిల బిర్యాని సాలిడ్ ఉందని రాస్తివి. గదేం కర్రనే?"

బ్లెస్సీ తను రాసింది మళ్లీ చదువుకుంది. నిజమే. సినిమా సాలిడ్, బండి సాలిడ్, బిర్యానీ సాలిడ్. ఆ మాట పెట్టి అడిగితే ఏ దుకాణంవాడైనా అవుననే అంటాడు.

"సాలిడా అని అడుగకు. ఒకటే పలకనా, అతుకుబెట్టిందా, గట్ల అడుగు."

మళ్లీ ఫోన్ చేసేసరికి పదకొండు నలభై. అడిగింది. అవతల పెట్టె విప్పిన చప్పుడు వినిపించింది.

"పైపలక ప్లైనే మేడం. గని సాలిడ్ ఉంటది."

బ్లెస్సీకి చెమట పట్టింది. తొందరపడి నొక్కి ఉంటే ఆదివారం నిండు చర్చిలో బాపు దవడకు మూగకర్ర ఆనించేది తనే.

"ఒకటే పలకది లేదా అన్నా?"

"ఒకటున్నది. మచ్చ ఉన్నదని ఎవ్వలు తీస్కుంటలేరు. పేజీల పేరున్నది గని ఫోటో గుడ పెట్టలే."

"బెజ్జం అంచు ఫోటో తీసి పంపు. జల్ది." మచ్చ ఉందట అని చెక్కముక్క మీద గీకి తండ్రికి చూపింది.

పదకొండు యాభై. రాలేదు. యాభై నాలుగు. ఏలియా ఉలి ఎత్తాడు, మళ్లీ కింద పెట్టాడు. యాభై ఆరుకు వచ్చింది, అదీ మసకమసకగా. ఏలియా ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకుని, దూరం జరిపి, మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు. బ్లెస్సీ ఆయన నోటివైపే చూస్తూ కూర్చుంది.

"పైనున్న కర్ర గీత అంచుకాడ తెగకుంట గట్లనే లోపలికి దిగింది" అన్నాడు. "ఒకటే పలక. అది మచ్చ కాదు, కొమ్మ మొలిసిన కణుపు. తీస్కో."

నొక్కింది. యాభై ఎనిమిది.

ఆదివారం చర్చిలో ఏలియా వంగి యుకులేలే అంచుకు దవడ ఆనించాడు. బ్లెస్సీ ఒక్క తీగ మీటింది. ఏలియా కదల్లేదు. ఆమె ఇంకాస్త గట్టిగా మళ్లీ మీటింది. ఈసారి ఆయన నిటారుగా నిలబడి పాట ఎత్తుకున్నాడు. వెనక జనం అందుకున్నారు, చివరి చరణం దాకా ఎవరూ ఆగలేదు. ప్రార్థన ముగిశాక పాస్టర్ స్టీఫెన్ వచ్చే ఆదివారం పాటల చీటీ ఏలియా చేతికే ఇచ్చాడు.

బయటికి రాగానే ఏలియా జేబులోంచి చెక్కముక్క, పెన్సిల్ తీసి బిడ్డ చేతిలో పెట్టాడు. "ఎట్లుండె?"

బ్లెస్సీ సంబరంగా "సాలిడ్" అని రాసింది.

ఆయన చదివి ముక్కను వెనక్కి తిప్పి ఇచ్చాడు. "గట్ల కాదు బిడ్డా. నా గొంతు, జనం గొంతు ఒకటే పలకనా, అతుకుబెట్టినట్టుండెనా?"

బ్లెస్సీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒకటే పలక" అని రాసింది. ఏలియా రెండుసార్లు చదువుకుని ఆ ముక్కను చొక్కా జేబులో పెట్టుకున్నాడు.