వదులుగా కుట్టిన గౌను

పొద్దున్నే పాలు కాగేలోపు ఆ ఇంట్లో కుట్టుమిషను చప్పుడు మొదలయ్యేది. కిటికీ తలుపులు బార్లా తెరిచి, దేవుణ్ణి తలుచుకుని, చక్రం మీద చెయ్యి వేసేది మిషనమ్మమ్మ. భర్త చిన్నవయసులోనే పోతే, ఇద్దరు కొడుకుల్నీ మధ్యలో పుట్టిన కూతుర్నీ ఆ మిషను తొక్కే పెంచింది. తర్వాత మనవల్నీ అంతే. వీధిలో ఎవరికీ ఆవిడ అసలు పేరు గుర్తులేదు. ఆవిడకీ దానితో పని పడలేదు.

ఆవిడ పిల్లల బట్టలే కుట్టేది. ఎవరికి కుట్టినా వదులుగానే కుట్టేది. "ఎదిగే పిల్లలు" అనేది, టేపు మెడలో వేసుకుంటూ. మిగతా ఇళ్ళలో పిల్లలు ఎదిగేదాకా బట్టలు కాచుకుని కూర్చుంటాయి. ఇక్కడ అలా కాదు. ఆవిడ ఏ కొలతకి కుడితే పిల్లలు ఆ కొలతకి ఎదిగేవాళ్ళు. పెద్దకొడుకు పుల్లలా పుట్టాడు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. వెడల్పాటి ఛాతీతో చొక్కా కుట్టి తొడిగింది. "ఇందులో ఇద్దరు పడతారు కదమ్మా" అని ఇరుగుపొరుగు నవ్వారు. వాడు ఆ చొక్కా నిండా అయ్యాడు. ఇప్పటికీ బస్సులో వాడి పక్కన ఎవరూ కూర్చోలేరు. చిన్నవాడి పంట్లాం కత్తిరిస్తుంటే పొయ్యి మీద పాలు పొంగాయి. ఆ కంగారులో జానెడు గుడ్డ ఎక్కువ పడింది. "అందుకే నాకు ప్రతి గుమ్మం దగ్గరా బొప్పి కడుతోంది" అని వాడు తల్లిని సాధించేవాడు.

"వంగి నడువు నాయనా, వినయం వస్తుంది" అనేది ఆవిడ.

కూతురికి మాత్రం ఆ విద్య అబ్బలేదు. మిషను ముందు కూర్చుంటే దారం తెగేది, సూది విరిగేది. "అక్కకి నోరొక్కటే తిన్నగా నడుస్తుంది" అని తమ్ముడు ఏడిపించేవాడు.

నిండా పండిన వయసులో, ఆ కూతురి కూతురికి, అంటే తన మనవరాలికి, పుట్టబోయే బిడ్డకోసం గౌను కుడుతూ, మిషను మీద తల ఆనించి నిద్రపోయినట్టే పోయింది మిషనమ్మమ్మ. గౌనుకి ఎడమచెయ్యి కుట్టింది. కుడిచెయ్యి మిగిలిపోయింది.

ఆ వారంలోనే మనవరాలికి నెలలు నిండకుండా కాన్పయింది. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత ఉంది. ఆస్పత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. బరువు పెరగడం లేదు, మా ప్రయత్నం మేం చేస్తున్నాం, అన్నాడు డాక్టరు ఎవరి మొహమూ చూడకుండా.

పోయినావిడను తలుచుకోడానికి అందరూ ఇంట్లో చేరితే, మాటలన్నీ ఆ గౌను దగ్గరికే వచ్చి ఆగాయి. అది ఇంకా సూది కిందే ఉంది. బడికెళ్ళే పిల్లకి సరిపోయేంత గౌను.

"ఇలాగే తీసుకెళ్ళి కప్పేద్దాం" అన్నాడు చిన్నకొడుకు.

"ఒంటిచేతి గౌనురా అది! పిల్ల ఏమవుతుందో ఆలోచించావా?" అంది కూతురు.

"పోనీ టైలరు చేత కుట్టిస్తే?" అన్నాడు పెద్దవాడు.

"టైలరు కుడితే మామూలు గౌనవుతుంది అన్నయ్యా. నేను కుడతాను."

"నువ్వా? బొత్తాం ఊడితే పిన్నీసు పెట్టుకునేదానివి కదే!"

"అమ్మ కడుపున పుట్టానుగా. చూద్దాం."

దేవుడా, ఈ ఒక్క చెయ్యి, అనుకుంటూ మిషను ముందు కూర్చుంది. దారం తెగింది. ఎక్కించింది. మళ్ళీ తెగింది. సూది వేలిలో దిగింది. అన్నదమ్ములు పక్కనే నిలబడ్డారు. చిన్నవాడికి ఏడిపించడం కూడా గుర్తు రాలేదు. కుట్టు వంకరగా పోయింది, కానీ పోయింది. తీరా పట్టుకుని చూస్తే కొత్త చెయ్యి పాతదానికన్నా నాలుగు వేళ్ళు పొడుగుంది. విప్పి మళ్ళీ కుడదామని కత్తెర అందుకునేసరికి ఫోను మోగింది.

"అమ్మా, ఎక్కడున్నావు? డాక్టరు అందర్నీ రమ్మంటున్నాడు" అంది మనవరాలు ఏడుస్తూ.

గౌను అలాగే చంకన పెట్టుకుని పరిగెత్తింది కూతురు. ఆస్పత్రిలో నర్సు దాన్ని విప్పి చూసి, "మా అన్నయ్య చొక్కా కూడా మిషనమ్మమ్మే కుట్టింది" అని, ఆవిరి పట్టించి తెచ్చి, పిల్ల మీద మెత్తగా కప్పింది. సాయంత్రానికి పిల్ల పిడికిలి బిగించింది. మర్నాడు త్రాసు ముల్లు కదిలింది. కొన్నాళ్ళకి గాజుపెట్టె ఇరుకైంది. "ఎదిగే పిల్ల కదా" అని నర్సు పెద్ద ఉయ్యాల తెప్పించింది.

బడిలో చేర్చిన రోజున ఆ గౌను పిల్లకి సరిగ్గా సరిపోయింది. ఎక్కడా వదులు లేదు. గౌనుకి లాగే పిల్లకీ కుడిచెయ్యి మాత్రం ఎడమదానికన్నా నాలుగు వేళ్ళు పొడుగు.

"అమ్మమ్మా, ఈ చెయ్యెందుకు పొడుగు?" అంది పిల్ల బడి నుంచి రాగానే.

ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకే భయపడింది కూతురు. "నాకు కుట్టడం సరిగ్గా రాలేదు తల్లీ."

పిల్ల చెయ్యి చాపి చూసుకుంది. "మా క్లాసులో బడిగంట అందింది నాకొక్కదానికే, తెలుసా? ఇంకో గౌను కుట్టు. ఈసారి రెండూ పొడుగే పెట్టు."

మర్నాడు పొద్దున్నే కిటికీ తలుపులు బార్లా తెరుచుకున్నాయి. కూతురు తల్లి టేపు మెడలో వేసుకుని చక్రం మీద చెయ్యి వేసింది. దారం తెగితే మళ్ళీ ఎక్కించింది. వీధిలో పాలు కాగే వేళకి ఆ చప్పుడు విని, పుల్లల్లాంటి పిల్లల్ని చంకనేసుకుని తల్లులు ఒక్కొక్కరే గుమ్మంలోకి వచ్చారు.