తోలు వాషరు

రెండో వరద వచ్చిపోయిన మూడో ఏడు. ఆ రోజు పొద్దున కూడా వాషరు భార్య ఖాళీ బకెట్టు పట్టుకుని బావగారి తలుపు ముందు నిలబడింది.

"బావగారూ, పిడి."

తలుపు మూసే ఉంది. ఆమె కుడి మణికట్టుకు కట్టు ఉంది, బకెట్టు ఎడమ చేతిలో ఉంది. నడవా చివర స్టూలు మీద కూర్చుని గడ్డం గీసుకుంటూ వాషరు అద్దంలోంచి చూస్తున్నాడు.

అతను ప్లంబరు. ఎవరింటికి పోయినా "వాషరు మారిస్తే చాలు, కొత్త కుళాయి దండగ" అంటాడు. అందుకే ఆ పేరు పడింది. నలభై ఏళ్ళుగా ఇతరుల తొట్ల కింద కూర్చుని మోకాళ్ళు నల్లగా కాయలు కాచాయి. ఎప్పుడో పానా పడి కుడి బొటనవేలి గోరు రెండుగా చీలింది. అది మళ్ళీ కలవలేదు.

ఇంట్లో ముందు గది అన్నగారిది, వెనక గది తమ్ముడైన వాషరుది. మధ్య నడవాలో బట్టలుతికే సిమెంటు తొట్టి, దాని మీద ఒక ఇత్తడి కుళాయి. ఇద్దరికీ అదొక్కటే. అన్న బట్టల కొట్లో గుడ్డ కత్తిరించే పని చేసి మానుకున్నాడు. భార్య పోయి ఒంటిగా ఉంటున్నాడు. మొదటి వరదలో ఆయన తన కుట్టుమిషను మేడ మీదికి చేరేసుకుని, తమ్ముడి పనిముట్ల సంచి కింద వదిలేశాడు. సంచి కొట్టుకుపోయింది. "ఇనుమే కదా, మళ్ళీ దొరుకుతుంది" అన్నాడు. అంతే. పదకొండేళ్ళుగా అన్నదమ్ములకు మాటల్లేవు. ఆ ఏడే అన్న కుళాయి పిడి ఊడదీసి, తాడు కట్టి మెళ్ళో వేసుకున్నాడు. ఆయన ఇస్తేనే నీళ్ళు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. అన్న ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. మెళ్ళోంచి తాడు తీసి ఆమె చేతికిచ్చాడు.

"మెల్లగా తిప్పమ్మా, మర పోతుంది. ఊరందరి కుళాయిలూ చూస్తాడు నీ మొగుడు. ఇంట్లోది మాత్రం కంటికి ఆనదు."

ఆమె బకెట్టు నింపుకుంది, పిడి తిరిగి ఇచ్చింది, భర్త దగ్గరికి వచ్చింది.

"ఆయన మొహం బాగాలేదండీ."

"ఎప్పుడు బాగుంది గనక?"

"అరగంట నిలబడ్డాను, ఈ చేత్తో. పేరుకు ప్లంబరు పెళ్ళాన్ని. నీళ్ళు అడుక్కుంటున్నాను."

వాషరు కత్తి కడిగి పక్కన పెట్టాడు. సగం గడ్డం అలాగే ఉంది.

"రేపట్నుంచి అడగవులే."

మధ్యాహ్నం పని నుంచి వస్తూ కొత్త కుళాయి తెచ్చాడు. వాషరు మార్చి చూడకుండా అతను కుళాయి మార్చడం అదే మొదలు. చిక్కల్లా ఒకటే. నీళ్ళు కట్టే వాల్వు అన్న గదిలో, మంచం కింద ఉంది.

"వాల్వు కట్టమని నేను అడుగుతానండీ," అంది భార్య.

"అడిగావంటే చూడు."

నీళ్ళు వస్తుండగానే మార్చేస్తానన్నాడు. మర మీద కిరసనాయిలు పోసి, కాసేపు నానబెట్టి, పానా తగిలించి బరువంతా మోపాడు. రెండుసార్లు జారింది. మూడోసారి కుళాయి కీచుమని కదిలి, నాలుగు చుట్లు తిరిగి చేతికొచ్చింది. నీళ్ళు గుండెల మీద కొట్టాయి. బొటనవేలు గొట్టంలో కుక్కాడు. వేలి పక్కనుంచి చిమ్మాయి. తొట్టి దాటి, నడవా దాటి, ముందు గది తలుపు కిందికి పారాయి.

"ఏం చేస్తున్నాడమ్మా వాడు?" లోపల్నుంచి అన్న కేక. "ఇల్లు ముంచుతున్నాడు!"

"వరదన్నా, వరద!" వాషరు అరిచాడు. "నీ మిషను మేడెక్కించుకో!"

పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట అది. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లోపల మంచం జరిగిన చప్పుడైంది. ఇనుము కిర్రుమంది. వేలి కింద నీళ్ళు సన్నబడి, సన్నబడి, ఆగిపోయాయి.

"చూశావా? చచ్చినట్టు కట్టాడు!" వాషరు చాలా కాలానికి నవ్వాడు.

కొత్త కుళాయికి టేపు చుట్టి బిగించాడు. తిప్పాడు. ఒక చుక్క రాలింది. మరి రాలేదు. కుళాయి తెరిచే ఉంచి, అన్న వాల్వు తియ్యడం కోసం చూశాడు. తియ్యలేదు.

"బావగారూ, అయిపోయింది. వాల్వు తియ్యండి," అంది భార్య తలుపు బయటినుంచి. తలుపుకు చెవి ఆనించింది. "పడుకున్నట్టున్నారండీ. ఒకసారి తలుపు తోసి చూడండి."

"నేనా? వాడి గుమ్మం నేను తొక్కాలా? అదంతా నటన. మనల్ని ఏడిపించడానికి." గొంతు పెంచాడు. "నీళ్ళేమన్నా నీ అబ్బ సొమ్మా?"

ఇద్దరి అబ్బా ఒకడేనని గుర్తొచ్చి మరింత మండింది. సాయంత్రందాకా తిడుతూనే ఉన్నాడు. కుట్టుమిషన్ని తిట్టాడు, కత్తెరని తిట్టాడు, పోయిన వదినను మాత్రం వదిలేశాడు. ఆమె మంచిది. భార్య పక్కింటినుంచి రెండు బిందెలు తెచ్చుకుంది.

పొద్దు వాలాక మెట్టు మీద కూర్చుని పాత కుళాయి విప్పాడు. చేతులు ఊరుకోక. పిడి తిరిగే లోపలి మర నున్నగా అరిగిపోయింది. గట్టిగా తిప్పితే ఊడి చేతికొచ్చేదే. అడుగున వాషరు రబ్బరుది కాదు. తోలుది. గుండ్రంగా కోసి, మూడు ముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. పై ముక్క ఇంకా కొత్తది. దాని మీద తెల్లదారం కుట్టు నాలుగు పోగులు కనిపించాయి.

ఆ కుట్టు అతనికి తెలుసు. రెండేళ్ళ కిందట పోయిన తన ఎడమ చెప్పుది. పక్కింటి కుక్క ఎత్తుకుపోయిందని ఆ ఇంటాయనతో కొట్లాడినంత పని చేశాడు.

"నా చెప్పు!" అన్నాడు. "నన్నడగడానికి నామోషీ అయి, నా చెప్పు కోశాడే!"

ముక్కను బొటనవేలి మీద పెట్టి తిప్పి చూశాడు. అంచు ఎక్కడా వంకర పోలేదు. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి అన్న తలుపు దాకా వెళ్ళి నిలబడ్డాడు.

"చెప్పుల దొంగా! నీళ్ళొదులు!"

ఆగాడు. తోలుముక్క జేబులో వేసుకుని వెనక్కి వచ్చి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున లేచి, సగం గడ్డంతోనే ముందు గదికి నడిచి, తలుపు మీద చెయ్యి వేశాడు. గడియ లేదు. ఊరికే చేరవేసి ఉంది.

అన్న మంచం కింద సగం దూరి, పక్కకు ఒరిగి ఉన్నాడు. మెళ్ళో పిడి నేలకు ఆనుతోంది. ఒక చెయ్యి వాల్వు మీదే ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది.

వాషరు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక్కొక్క వేలే విప్పి, ఆ చెయ్యి తీసి గుండె మీద పెట్టాడు. వాల్వు పట్టుకుని మెల్లగా తిప్పాడు. నడవాలో, నిన్నటినుంచి తెరిచే ఉన్న కొత్త కుళాయిలోంచి నీళ్ళు తొట్టిలోకి భళ్ళున దూకాయి.

"వచ్చాయి!" భార్య గొంతు. "బావగారూ, నీళ్ళొచ్చాయి!"

వాల్వు పక్కన, గోడవార, అతని ఎడమ చెప్పు ఉంది. తోలులో ఏడు గుండ్రటి చిల్లులు. ఎనిమిదోది ఇంకా కొయ్యలేదు, దర్జీ సుద్దతో గీసి మాత్రం ఉంది.