ఆ ఎలుక తిన్నదా, లేదా?

పేపరు జిల్లా ఎడిషన్‌లో మా సారు ఫొటో పడిన రోజే మా అత్త సూదులు మానేసింది. ‘క్యాన్సర్ గడ్డను కరిగించే మందు: తాడేపల్లిగూడెం శాస్త్రవేత్త ఘనత’ అని హెడ్డింగు. కింద రెండు ఎలుకల స్కాన్ బొమ్మలు. మందు ఇవ్వక ముందు ఎలుక డొక్కలో ఎర్రగా మండుతున్న మచ్చ, ఇచ్చాక దాదాపు ఏమీ లేదు. హైదరాబాదులో ఆ హనుమంతరావు గారి ల్యాబులోనే నేను పరిశోధన చేస్తున్నాను. ఆ బొమ్మలు తీసింది నేనే. పేపరు చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది.

మా సలోమి అత్తది మండవల్లి. రొమ్ములో గడ్డ. క్యాన్సర్ సూదుల కోసం ఏలూరులో మా ఇంట్లో ఉంటోంది. ఇంకా సగం సూదులు మిగిలే ఉన్నాయి. జుట్టంతా ఊడింది, నోరు పూసింది, చేపల పులుసు వాసన తగిలితే వాంతి. కొల్లేటి ఒడ్డున పుట్టిన మనిషికి అంతకంటే శిక్ష ఏముంటుంది?

“మీ సారు మందు వస్తోందిగా. ఇంక నాకెందుకే ఈ నరకం?” అంది.

సెలవు పెట్టి వచ్చి బతిమాలాను, కసిరాను. వింటేగా! సారు సొంతూరు తాడేపల్లిగూడెంలో ఆయనకు సన్మానమని తెలిసి, తనను తీసుకెళ్లమని పట్టుబట్టింది. ఆయన్నే మందు అడుగుతుందట.

బస్సులో అంతా విడమరిచి చెప్పాను.

“గడ్డకి చక్కెరంటే మహా ఆశ అత్తా. అందుకని స్కాన్‌కి ముందు చక్కెర లాంటిదొకటి ఎలుక ఒంట్లోకి ఎక్కిస్తాం. గడ్డ దాన్ని లాక్కుని స్కాన్‌లో వెలుగుతుంది. ఎలుక ముందే తిని ఉందనుకో, రక్తం నిండా దాని చక్కెరే ఉంటుంది. మనం ఎక్కించింది గడ్డలోకి సరిగ్గా పోదు. గడ్డ ఉన్నా కనపడదు.”

“ఇడ్లీ తినేసి షుగరు టెస్టుకి వెళ్లానని డాక్టరమ్మ నన్ను తిట్టిందే, అలాగా?”

“అలాగే. మత్తుతో కూడా అదే గొడవ.”

మొదటి స్కాన్‌కు ఎలుకలను పస్తు ఉంచి, గ్యాస్ మత్తు ఇచ్చాం. రెండోసారి, అంటే మందు ఇచ్చాక, గ్యాస్ మిషన్ పాడైంది. సూదితో మత్తు ఇచ్చాం. ఆ సూది పడితే తిన్న ఎలుక రక్తంలో చక్కెర ఇంకా పైకెక్కి కూర్చుంటుంది. పైగా ఎలుకల గది చూసే నరసరాజు ఆ రోజు బోనుల్లోంచి మేత తియ్యలేదు. భీమవరం మనిషి. “నోరులేని జీవాలండీ, కడుపు మాడ్చి ఎలా పంపుతామండీ” అన్నాడు. మా గోదావరి మర్యాద ఎలుకల దాకా వచ్చిందన్నమాట! కానీ నేను అడగ్గానే నరసరాజు ఒప్పుకున్నాడు. నేను అప్పుడే వెళ్లి సారుకు చెప్పాను. ఎలుకను తడిమితే గడ్డ అలాగే వేలికి తగులుతోందని కూడా చెప్పాను. మళ్లీ తీద్దామన్నాను.

“బొమ్మ బాగా వచ్చింది కదమ్మా, ఇంకెందుకు?” అన్నాడు ఆ పెద్దమనిషి.

“అంత పెద్ద డాక్టరుకి తెలీదా? నీకే తెలుసా?” అని, ఇదంతా విన్న అత్త మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

కల్యాణ మండపంలో శాలువాల మీద శాలువాలు. తెర మీద మళ్లీ అవే రెండు ఎలుకలు. మచ్చ మాయమవగానే హాలంతా చప్పట్లు. నేను లేచి నిలబడ్డాను.

“సార్, ఈ రెండుసార్లూ ఎలుకల్ని ఒకేలా పస్తు ఉంచామా? ఒకే మత్తు ఇచ్చామా?”

ఆయన హాయిగా నవ్వాడు. “మా స్టూడెంటేనండీ, స్టెల్లా. మన ఏలూరు అమ్మాయి. టెక్నికల్ విషయాలు ల్యాబులో మాట్లాడుకుందాం, కూర్చో అమ్మా.”

జనం కూడా నవ్వారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు నా పక్కన అత్త లేచింది. తలకు చుట్టుకున్న గుడ్డ జారి బోడితల బయటపడినా పట్టించుకోలేదు.

“డాక్టరు గారండీ, నాకు టెక్నికల్ తెలీదండీ. మీ మందు కోసం నా సూదులు మానేశానండీ. ఆ రెండో ఎలుక తిన్నదా, లేదా? ఆ ఒక్కటీ చెప్పండి చాలు.”

నవ్వులు ఆగిపోయాయి. సారు అత్త వైపు చూడలేదు, నా వైపు చూశాడు. మైకు సర్దుకుని, “భోజనాలకి టైమైందండీ. ఎవరూ తినకుండా వెళ్లకూడదు” అన్నాడు.

వెళ్లిపోదామంటే అత్త కదల్లేదు. “జవాబు చెప్పనీ” అని పంక్తిలో కూర్చుంది. సారు స్వయంగా బూరెల పళ్లెం పట్టుకుని వచ్చాడు.

“మొహమాటపడకండమ్మా, తినండి. మందు సంగతి నెమ్మదిగా చూద్దాం” అంటూ ఒక బూరె వేశాడు. ఇంకోటి వెయ్యబోయాడు.

అత్త ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. “ఎలుకకి పెట్టినట్టే నాకూ పెడుతున్నారేంటండీ? నా గడ్డ కూడా కనపడకుండా పోద్దనా?”

బూరె ముట్టుకోకుండానే ఆకు మడిచి లేచింది. ఏలూరు బస్సు ఎక్కి కూర్చున్నాక కొంగు కింద చెయ్యి పెట్టి తడుముకుంది.

“నా చేతికి తగుల్తానే ఉందే” అంది. “రేపు పొద్దున్నే సూదికి తీసుకెళ్లు.”