నలభై కుడికాళ్లు

ఆ పొద్దున ఆకాశం గోడౌను రేకుల మీదికి దిగి కూర్చున్నట్టుంది. వాన పడదు, ఎండ కాయదు. గాలిలో తడి ఊరికే వేలాడుతోంది. అలాంటి రోజున డబ్బా నొక్కితే రంగు చెక్కపెట్టె మీద నిలవదు, కారిపోతుంది. అచ్చులాయన బొమ్మ ఆకారం కోసిన అచ్చును పెట్టెకు అదిమిపట్టి, డబ్బాను మూరెడు దూరంలో ఉంచి, తుమ్మినంతసేపు మాత్రమే నొక్కుతున్నాడు. అచ్చు తీస్తే పెట్టె మీద గొడుగు. పక్కదాని మీద గాజుగ్లాసు. ఆ పక్కదాని మీద పైకి చూసే బాణం. ఇరవై ఆరేళ్లుగా ఇవే మూడు బొమ్మలు. కుడిచేతి చూపుడువేలు నొక్కి నొక్కి కొనదగ్గర పక్కకు ఒరిగిపోయింది. దాని గోరు అసలు రంగేమిటో అతనికే గుర్తులేదు.

"ఏమయ్యా, బాణాలు నేలచూపులు చూస్తున్నాయేం?" అన్నాడు మేస్త్రి వెనకనుంచి.

చూసుకుంటే నిజమే. వరసగా ఆరు పెట్టెల మీద బాణం తలకిందులుగా పడింది. అచ్చులాయన డబ్బా కింద పెట్టాడు.

"నాకీవాళ సెలవు కావాలి."

"నువ్వు సెలవడగడం ఇది రెండోసారి. మొదటిసారి నీ పెళ్లికడిగావు. కొంపదీసి మళ్లీనా?"

"పెళ్లి కాదు. కాలు" అని భుజం మీద తుండు దులుపుకుని బయటికి నడిచాడు.

ఆ కాలు అక్క మొగుడిది. ఎడమకాలు. ఊరంతా ఆ మనిషినే ఎడమకాలు అని పిలిచేది. ఒకప్పుడు ఆ కాలితో బంతిని అడ్డంగా గోడకట్టినట్టు నిలబడ్డ ఆటగాళ్ల పక్కనుంచి వంకర తిప్పి గోలులోకి పంపితే, మైదానం బయట మేడల మీద నిలబడ్డవాళ్లు కూడా గొంతు పోయేలా అరిచేవారు. ఆఖరి ఆటలో ఆ మోకాలే విరిగింది, మళ్లీ ఆ కాలు నేలకు సరిగ్గా ఆనలేదు. భుజాల మీద మోసినవాళ్లు ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. తర్వాత ఇరవై ఏళ్లు అతను ఇదే గోడౌను గేటు దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని లారీలు లెక్కపెట్టాడు. ఇప్పుడు ఊపిరితిత్తులు కూడా మొరాయించి మంచం పట్టాడు.

నిరుడు వీధిలో దర్జీ అడిగాడు, "మీ బావ బొమ్మ నా దుకాణం తలుపు మీద కొట్టిపెట్టరాదూ?" అని. చేత్తో గీసే చిత్రకారుణ్ని పిలిచే తాహతు ఆ వీధిలో ఎవరికుంది? అచ్చులాయన బావ మోకాలి ఎక్స్‌రే ఫిల్మునే అచ్చుకు వాడాడు. అది పల్చన, గట్టిది, రంగుకు మెత్తబడదు. బ్లేడుతో మూడు రాత్రులు కోశాడు. వంగిన నడుము, చాచిన ఎడమకాలు, కాలి ముందు బంతి. ఒక్క డబ్బాతో ముప్పై తలుపులు. అడుగున కాస్త రంగు మిగిలిన డబ్బా ఎవరు పట్టుకొచ్చినా, వాళ్ల తలుపుకు కొట్టిచ్చాడు. పిండిమర, కుళాయిదిమ్మ, తోపుడుబళ్లు, అన్నిటి మీదా ఎడమకాలే.

అది చూసి పురపాలకం వాళ్లకు ఇన్నేళ్లకు ఆటగాడు గుర్తొచ్చాడు. మైదానం గోడనిండా కొట్టిస్తామని, ఒక్కరోజుకని అచ్చు పట్టుకెళ్లారు. నిన్న సాయంత్రం ఆ గోడ పక్కనుంచి వస్తూ అచ్చులాయన నిలబడిపోయాడు. నలభై బొమ్మలు. నలభైకి నలభై కుడికాలితో తంతున్నాయి.

ఏం జరిగిందో అతనికి చూడగానే తెలిసింది. వాడిన అచ్చుకు ఒక ముఖాన రంగు అట్టకడుతుంది. ఆ ముఖమే పైకి ఉండాలి. చేతికి అంటకుండా శుభ్రంగా ఉన్న ముఖాన్ని పైకి పెట్టి కొట్టారు వాళ్లు. అచ్చు తిరగబడింది, కాలు మారింది. ఇవాళ మధ్యాహ్నం మూడింటికే ఆ గోడకు ప్రారంభం. బావను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లాలని అక్క చొక్కా ఉతికి సిద్ధంగా పెట్టింది.

పురపాలకం ఆఫీసులో ఇంజినీరు కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

"సార్, కాలు తిరగబడింది."

"ఎవరి కాలు?"

"గోడ మీద. మా బావది ఎడమకాలు."

"ముఖం తెలుస్తోందా, లేదా?"

"తెలుస్తోంది."

"మరింకేం? బంతిని ఏ కాలితో తంతే ఏంటయ్యా!"

"మీరు సంతకం కుడిచేత్తో పెడతారు కదా. రేపు ఎడంచేత్తో పెట్టి చూడండి. బ్యాంకువాళ్లు మీరేనంటారేమో."

ఇంజినీరు అప్పుడు చూశాడు. "నోరు బాగానే ఉంది. అర్జీ రాసిచ్చి వెళ్లు. వచ్చేవారం చూస్తాం."

"పోనీ నా అచ్చు ఇచ్చెయ్యండి."

ఇంజినీరు మళ్లీ కాగితాల్లోకి తల దించాడు. అచ్చులాయనకే కనిపించింది. ఎనిమిది మడతలు పెట్టి, ఒక కుంటిబల్ల ఊగకుండా దాని కాలికింద దోపారు. వంగి లాగాడు. బల్ల ఒరిగింది, టీ ఒలికింది, ఎవరో తిట్టారు. ఫిల్ము మడతల దగ్గర పెళపెళా విరిగి చేతిలో ముక్కలైంది.

అక్క ఇంటికి వెళ్లేసరికి బావ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి. కళ్లు మాత్రం పూర్వంలాగే, బంతి ఎటునుంచి వస్తుందా అన్నట్టు చురుగ్గా ఉన్నాయి.

"ఏరా బావమరిదీ, ముఖం అలా మాడ్చుకున్నావేం? కుడికాలేగా? తోపుడుబండివాడు పొద్దున్నే చెప్పి పోయాడు."

అచ్చులాయన విరిగిన ఫిల్ము ముక్కలు మంచం మీద పెట్టాడు.

"పోన్లే. జన్మలో ఒక్క గోలు కొట్టలేదు నా కుడికాలు. ఇవాళ నలభై కొట్టింది." నవ్వబోతే దగ్గొచ్చింది. తగ్గాక గొంతు మారింది. "నాకు పోయింది ఎడమది. నాకు మిగిలిన కాలు గీసి, ఇదే నువ్వంటున్నార్రా వాళ్లు. నేను రాను. మీ అక్కకు చెప్పు, చొక్కా మడిచి పెట్టెయ్యమని."

"సరిచేస్తాను బావా."

"నలభయ్యా?"

"అయినన్ని."

"ఒక్కటి చెయ్యి చాలు. చేసి వచ్చి చెప్పు." పరుపు కిందికి చెయ్యి పోనిచ్చి ఇంకో ఫిల్ము తీశాడు. "ఇది కుడిమోకాలిది. బాగున్న కాలికి కూడా ఎక్స్‌రే తీసి డాక్టరు చేతులు దులుపుకున్నాడు. దీంట్లోంచి ఎడమకాలు కొయ్యి, చూద్దాం నీ పనితనం."

అక్కడే నేల మీద కూర్చుని, ఒకసారి కోసిన బొమ్మే కాబట్టి చకచకా కోశాడు. బావ పైనుంచి చూస్తూ, "పిక్క లావు చెయ్యొద్దు... మడమ కాస్త ఎత్తరా... బంతిని చూడాలి నేను, జనాన్ని కాదు" అంటూనే ఉన్నాడు.

మైదానం గేటు దగ్గర కాపలావాడు సున్నం బకెట్టునూ కుంచెనూ చూశాడు. "నాకు ఈ మధ్య కళ్లు సరిగ్గా ఆనడంలేదు. ఈ వేళప్పుడు అసలే ఆనవు" అని అటు తిరిగి నిలబడ్డాడు. అతని సైకిలు మడ్‌గార్డు మీద కూడా ఎడమకాలే ఉంది.

గేటు పక్క బొమ్మ మీద సున్నం కొట్టాడు. అది ఎంతకీ ఆరదు. అచ్చులాయన చొక్కా విప్పి గాలి తగిలేలా దానితో విసిరాడు. చెయ్యి మార్చి మార్చి గంటన్నర విసిరాడు. ఇక చాలనిపించాక కొత్త అచ్చు పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. తీస్తే, ముప్పైతొమ్మిది కుడికాళ్ల పక్కన ఒక్క ఎడమకాలు.

రెండోది మొదలుపెట్టేలోపు కార్లు వచ్చాయి. రిబ్బను కత్తిరించారు. పురపాలకం పెద్దమనిషి మైకు అందుకుని కాగితం చూసి చదివాడు. "కీర్తిశేషులైన ఆ మహా క్రీడాకారుడి స్మృతికి గౌరవంగా ఒక నిమిషం మౌనం పాటిద్దాం."

అందరూ తలలు వంచారు.

"బతికే ఉన్నాడు!" ఒంటి మీద చొక్కా లేకుండా, సున్నం చేతులతో అచ్చులాయన అరిచాడు. "రెండు వీధుల అవతల ఉన్నాడు! వెళ్లి ఒక్కసారి చూశారా మీరు? ఒక్కడు, ఒక్కడైనా తలుపు తట్టాడా ఇన్నేళ్లలో?"

"తాగొచ్చాడు" అన్నారు ఎవరో. ఇద్దరు అతని రెక్కలు పట్టుకుని గేటు బయట వదిలారు. లోపల మౌనం మళ్లీ మొదటినుంచి పాటించారు.

ఇంటికి ఇంచుమించు పరుగున వచ్చాడు. అక్క గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్లో మడత విప్పని చొక్కా.

"నువ్వెళ్లిన కాసేపటికేరా" అంది. "నిద్రనుకున్నాను."

అచ్చులాయన లోపలికి వెళ్లాడు. మంచం పక్కన నిలబడ్డాడు. "ఒకటి చేశాను బావా" అన్నాడు. వినిపించలేదేమోనన్నట్టు మళ్లీ గట్టిగా అన్నాడు. మైకులో వాళ్లన్న మాట అప్పటికి నిజమే అయివుంటుంది. వాళ్లకది తెలియకుండానే నిజమైంది.

పొరుగూరినుంచి బావ కూతురు వచ్చేదాకా భద్రంగా ఉంచాలని ఆసుపత్రి బండి వచ్చి శవాన్ని తీసుకెళ్లింది. దీపాలు పెట్టేవేళకు దర్జీ భార్య అన్నం వండి తెచ్చింది. అక్క, అచ్చులాయన, కాపలావాడు, దర్జీ భార్య నేల మీద కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ తినమనలేదు. అందరూ తిన్నారు.

మంచం కింద బావ చెప్పుల జత ఉంది. కుడిది మడమ దగ్గర అరిగి చిల్లు పడింది. ఎడమదాని అట్ట మీద, కొన్ననాటి సైజు అంకె ఇంకా చెరగలేదు.