చంటిబిడ్డకు టికెట్ లేదు

లాంచీ టికెట్ల లెక్క గాజు బోర్డు మీద నూట ముప్ఫై తొమ్మిది అని పడగానే గుమ్మం దగ్గర గొలుసక్క గొలుసు లాగి కొక్కేనికి తగిలించేసింది.

పొద్దున్నుంచి ఇది నాలుగో ట్రిప్పు. కొత్త టెర్మినల్ తెరిచిన రోజు కదా, మొదటి మూడింటిలో పెద్దమనుషులూ ఫొటోలవాళ్ళూ హాయిగా షికారు తిరిగొచ్చారు. ఇది అసలు జనం ట్రిప్పు. అవతలి ఒడ్డున చేపల షెడ్లలో మధ్యాహ్నం షిఫ్టుకు పోయే ఆడవాళ్ళే సగం మంది. పావుగంట ఆలస్యమైతే అక్కడ సగం కూలి కోత. ఎనిమిది రూపాయలున్న టికెట్టు ఈరోజు నుంచి ఇరవై. అంత డబ్బూ ఏమైందంటే, కుళాయి కింద చెయ్యి పెడితే చాలు నీళ్ళు వాటంతటవే వస్తాయట. తన డ్యూటీ మొదలయ్యాక గొలుసక్క రెండుసార్లు పెట్టి చూసింది, రాలేదు.

"ఆపావేంటక్కా? నూట యాభై దాకా ఎక్కించొచ్చు. ఇంకా పదకొండుంది," అన్నాడు సూపర్‌వైజర్.

"ఆ పదకొండు మందీ ఎక్కేశారు సార్. చంకల్లో ఉన్నారు."

అతను నవ్వాడు. "చంటిబిడ్డకు టికెట్ లేదు. టికెట్ లేనిది లెక్కలోకెలా వస్తుంది? ఇరవై రెండేళ్ళుగా ఈ బల్ల దగ్గరే ఉన్నావు, నేను చెప్పాలా నీకు?"

నిజమే, ఎవరూ చెప్పక్కర్లేదు. రేవు పుట్టినప్పటి నుంచీ అదే పద్ధతి. పడవెక్కే బల్ల మీద కాలు మోపినవాళ్ళదే లెక్క, చంకనెక్కి వచ్చినవాళ్ళకు లేదు. మూడేళ్ళ కిందట పాత లాంచీ ఒరిగిపోయిన రోజున కూడా ఆఫీసరు అడిగితే ఆమె అలవాటు ప్రకారమే చెప్పింది, నలభై ఒకటని. రెండో రోజు సాయంత్రానికి బతికినవాళ్ళూ శవాలూ కలిపి నలభై ఒకటి తేలింది. గజ ఈతగాళ్ళు వెతకడం ఆపి వెళ్ళిపోయారు. లెక్క సరిపోయిందని అందరితో పాటు తనూ ఊపిరి పీల్చుకుంది. అలా పీల్చుకున్నందుకే ఇప్పటికీ ఆమెకు కంటి మీద కునుకు ఉండదు.

నాలుగో రోజున పొరుగూరి పని మీంచి ఒక టైల్సు మేస్త్రీ వచ్చాడు. అప్పటికే భార్య శవాన్ని అప్పగించారు. అతను ఎవరినీ తిట్టలేదు, గొలుసు దగ్గరకొచ్చి మెల్లగా ఒక్కటే అడిగాడు.

"మా పాపని నువ్వు చూశావా అక్కా?"

చూసింది. చూడడమేంటి, ఆ రోజు ఆ పిల్ల తల్లి చంకలోంచే గొలుసు పట్టుకుని వదలనంటే, వెనకవాళ్ళు తోసుకుంటుంటే, వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది తనే. అయిదు వేళ్ళు. చెమటకు జిగటగా ఉన్నాయి. అప్పటి నుంచి గొలుసు ముట్టుకున్నప్పుడల్లా ఆ జిగట చేతికి తగులుతూనే ఉంది. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా పోలేదు. మేస్త్రీకి మాత్రం చూడలేదని చెప్పింది.

అతను ఈ టెర్మినల్లోనే టైల్సు వేశాడు, ఆరు నెలలు, ఈ గుమ్మం దాకా. గుమ్మం పక్కన రాయి మీద ఆ లాంచీలో పోయినవాళ్ళవి తొమ్మిది పేర్లు చెక్కారు. పదోది లేదు.

"అక్కా, అక్కడ టెర్మినల్ కంపెనీవాళ్ళు చూస్తున్నారు. మొదటి రోజే గొడవ వద్దు, గొలుసు తియ్యి," అన్నాడు సూపర్‌వైజర్ గొంతు తగ్గించి.

వరసలో ముందున్న ఆడమనిషి ఊరుకోలేదు. పాతికేళ్ళుంటాయేమో, చంకలో పిల్ల, చేతిలో టిఫిన్ క్యారియర్. "నీకేం తల్లీ, నీ రోజుకూలి నాలుగొందల ఇరవై నీకొస్తాయి. ఇది దాటిపోతే నా పూట గడిచేదెలా? పిల్లకి పాలెవరు పోస్తారు, నువ్వు పోస్తావా?"

గొలుసక్క తల దించుకుంది. వెనక ఇంకో నలుగురు అందుకున్నారు. ముసలిదానికి మతి పోయిందన్నారు, మిషను కంటే దీనికెక్కువ తెలుసా అన్నారు. వాళ్ళ బాధ వాళ్ళది.

"చివరిసారి చెబుతున్నా. తీస్తావా, రేపట్నుంచి ఇంట్లో కూర్చుంటావా?"

"రేపటి సంగతి మీ ఇష్టం సార్. ఈ ట్రిప్పుకి మాత్రం తియ్యను." కొక్కేన్ని ఇంకోసారి నొక్కి చూసింది. "నూట యాభై మంది ఎక్కారు. నేను లెక్కపెట్టాను."

లాంచీ నడిపే సరంగు రెండుసార్లు కూత వేశాడు. ఎక్కించడమో, బల్ల తీయడమో తేల్చమని.

అంతలో చంకలో పిల్ల ముందుకు వంగి గొలుసు పట్టేసుకుంది. తల్లి వెనక్కి లాగుతోంది, పిల్ల వదలడం లేదు. "కాస్త విడిపించు," అంది తల్లి విసుగ్గా. సూపర్‌వైజర్ కూడా అదే మాటన్నాడు.

గొలుసక్క ఆ వేళ్ళకేసి చూసింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని అలాగే నిలబడింది.